వెయిటింగ్ ఛార్జి

పద్దెనిమిది వందలు, డీజిల్ నాదే,
పొద్దున్న ఏడు నుంచి దీపాలు పెట్టేదాకా.
ఎక్కడైనా ఆగితే గంటకి నూటయాభై.
అమలాపురం ఎర్రవంతెన దగ్గర కుదిరింది బేరం.

ఎక్కినాయన పేరు ఖేతారామ్.
తలకి పసుపు పాగా, కాళ్ళకి ముక్కు లేచిన చెప్పులు.
మేనల్లుడు మా ఊళ్ళో ఇళ్ళకి పాలరాయి పరుస్తాడు,
ఆదివారమూ పనే వాడికి,
అంచేత మావని నాకు అప్పజెప్పాడు.

"జైసల్మేర్లో నాదీ ఇదే పని" అన్నాడు డోరు వేస్తూనే.
"నీకు నాలుగు చక్రాలు, నాకు నాలుగు కాళ్ళు."

నాకు హిందీ పెట్టింది కువైట్.
ఆరేళ్ళు ఒక షేకు గారి పిల్లల్ని బడికి దింపాను.
ఎడారి అంటే అద్దానికి అంటుకునే దుమ్ము,
మ్యాట్లు దులుపుకోవడం, అంతే.
డ్రైవర్ని దిగి చూడమని ఎవరంటారు?

బోడసకుర్రు వంతెన మీద స్లో చేశాను.
"ఎంత లోతు?" అన్నాడు.
"రెండు తాటిచెట్లు" అన్నాను, ఏమీ తడుముకోకుండా.
పకపకా నవ్వాడు.
ఇసుకదిబ్బ ఎంతెత్తని అడిగితే
ఆయనా మొహం చూసే చెబుతాడట.
అమెరికా వాళ్ళకో లెక్క, అహ్మదాబాద్ వాళ్ళకో లెక్క.
ఆ తరవాత ఆయన దగ్గర అబద్ధం ఆడబుద్ధి కాలేదండి.

రాజోలు దాటాక కొబ్బరి తోటలు ఆగిపోతాయి,
చెరువులు మొదలవుతాయి, రొయ్యలవి.
ఏరేటర్లు తిరుగుతున్నాయి, నీళ్ళు ఎగిరి ఎగిరి పడుతున్నాయి.
"ఇన్ని నీళ్ళా!" అని పాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు,
గుళ్ళోకి వచ్చినట్టు.
నేనేం మాట్లాడలేదు.

మలికిపురంలో ఆగాం, టీకి.
పక్కనే వాటర్ ప్లాంటు. క్యాన్లు వరసగా,
వాటి వెనక ఆడాళ్ళు వరసగా.
ఒకావిడ చంకలో పిల్ల, నెత్తిమీద ఎండ.
ఖేతారామ్ చాలాసేపు చూశాడు.
కాలవ వైపు చూశాడు. చెరువుల వైపు చూశాడు.
మళ్ళీ క్యాన్ల వైపు.
"ఇరవై రూపాయలు" అన్నాను. "బోరు ఉప్పైపోయింది."
గ్లాసులో అడుగున మిగిలిన నీళ్ళు
పారబొయ్యలేదాయన. తాగేశాడు.
"ఇది చూపించాలని లిస్టులో ఉందా?" అన్నాడు.
లేదు.

అంతర్వేదిలో దర్శనం అయ్యాక లైట్‌హౌస్ అన్నాను, వద్దన్నాడు.
అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గరికి పోనిమ్మన్నాడు,
నేనే చెప్పాను అక్కడ రెండు నీళ్ళు
పక్కపక్కన నడుస్తూ కలవనట్టుంటాయని.
తీరా దిగి నీళ్ళకేసి చూడనే లేదు.
చెప్పులు విప్పి తడి ఇసుకలో నిలబడ్డాడు.

అడుగు తీసి, తన అడుగుని తనే చూసుకుని,
వేళ్ళతో సహా అచ్చు పడింది చూడమన్నాడు.
వాళ్ళ దిబ్బల మీద సాయంత్రం జనం తొక్కిందంతా
రాత్రి గాలి చెరిపేస్తుందట.
పొద్దున్నే వచ్చినవాళ్ళకి
ఎవరూ తొక్కని ఇసుక అని చూపిస్తాడు. రోజూ.
"మీకు ఎవరు చెరుపుతారు?"
"పోటు" అన్నాను.
ఆ మాట రెండుసార్లు అనుకున్నాడు, నోట్లో ఉప్పు చూసినట్టు.
"అయితే ఉంటాను, వచ్చేదాకా."

గంటన్నర.
నేను బానెట్టుకి ఆనుకుని ఫోన్ చూశాను కాసేపు,
తరవాత నేనూ చెప్పులు విప్పాను.
ముప్పై కిలోమీటర్ల దూరంలో పుట్టి
ఈ పోటు ఎక్కడం ఒక్కసారీ కూర్చుని చూడలేదు.
మొదటి అల వాళ్ళ మడమ దాకా, వెనక్కి.
రెండోది ఏమీ అడగలేదు.

తిరుగు దారిలో మాటల్లేవు.
మేనల్లుడి గది ముందు దిగి డబ్బు లెక్కపెట్టాడు,
పద్దెనిమిది వందలు, పైన రెండొందల పాతిక.
"వెయిటింగ్" అన్నాడు.
వద్దంటే కోప్పడ్డాడు. "ఒంటె కూడా వదలదు."

మర్నాడు కారు కడుగుతుంటే
రెండు సీట్ల కిందా ఇసుక, ఆయన వైపు, నా వైపు.
బకెట్టుడు నీళ్ళు కొట్టాను.
వీధి కాలవలోకి పోయింది.
అక్కణ్ణించి ఎటు పోతుందో ఇప్పుడు నాకు తెలుసు.